పాత మోరిస్ మైనర్ కోసం 1,100 కిలోమీటర్లు వెళ్లవచ్చునా?

ప్రశ్న: పాతచక్రం

అందరికీ నమస్కారం. ఒక మోరిస్ మైనర్ (పాత బ్రిటిష్ కారు) కొని, దాన్ని నా చేతులతో బాగుచేసుకోవాలని మూడేళ్లుగా వెతుకుతున్నాను. దగ్గరలో కనిపించినవన్నీ ఇప్పటికే ఎవరో ఒకరు బాగుచేసి, నేను పెట్టగలిగినదానికి మించిన ధరకు అమ్ముతున్నవే. పోయిన వారం ఒక ప్రకటన చూశాను. 1958 నాటి మైనర్ 1000, నాలుగు తలుపుల సెలూన్, 948 సీసీ ఇంజిన్. పద్దెనిమిదేళ్లుగా ఒక రేకుల షెడ్డులో కదలకుండా ఉన్నదట. అమ్మేవారు పెద్దవారు. బండి వారి తండ్రిగారు కొన్నది. రెండుసార్లు ఫోనులో మాట్లాడాను. అడిగినదానికల్లా ఓపికగా, దాచకుండా జవాబు చెప్పారనే అనిపించింది. చిక్కు ఏమిటంటే, ఆ బండి మా ఇంటికి 1,100 కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఆయన పన్నెండు ఫొటోలు పంపారు. ముందు, వెనక, రెండు పక్కలు, డాష్‌బోర్డు నడుమ ఉండే గుండ్రటి స్పీడోమీటరు, ఎలుకలు కొరికిన వెనక సీటు, బోనెట్ కింద ఇంజిన్ అన్నీ ఉన్నాయి కానీ, బండి కింది భాగం మాత్రం ఒక్క ఫొటోలోనూ లేదు. ఇంజిన్ తిరగడం లేదనీ, నాలుగు చక్రాల బ్రేకులూ పట్టేశాయనీ ఆయనే ముందుగా చెప్పారు. విప్పిన సామాను నాలుగు పెట్టెల్లో ఉందట.

నా సందేహం ఇది. అంత దూరం వెళ్తున్నప్పుడు ట్రైలర్ తగిలించుకుని వెళ్లి, చూసి, నచ్చితే అప్పటికప్పుడే ఎక్కించుకుని రావడం మేలా, లేక ముందు ఉత్త చేతులతో వెళ్లి చూసి వచ్చి, తర్వాత మళ్లీ వెళ్లడం మేలా? రెండుసార్లు వెళ్లాలంటే ఖర్చూ సెలవులూ రెండింతలవుతాయి. పైగా నేను తిరిగి వెళ్లేలోపల ఇంకెవరైనా కొనేస్తారేమోనన్న భయం ఉంది. అక్కడికి చేరాక మొదట ఏ భాగం చూడాలో, తిరగని చక్రాలున్న బండిని ఎలా కదిలిస్తారో కూడా అనుభవం ఉన్నవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు 1: సుత్తి_ఉలి

ట్రైలర్ తీసుకుని వెళ్లకండి. ఈ మాట ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను.

చాలా ఏళ్ల కిందట నేను ఇలాగే 900 కిలోమీటర్లు ట్రైలర్ లాక్కుంటూ ఒక మైనర్ కోసం వెళ్లాను. చేరేసరికి పొద్దు వాలింది, సన్నగా వాన పడుతోంది. టార్చిలైటు నోట కరుచుకుని తలుపు కింద పడుకుని, సిల్ (తలుపు కింద పొడవునా ఉండే బాడీ అంచు) వెంబడి చిన్న అయస్కాంతం జరుపుతూ వెళ్లాను. రెండు చోట్ల అంటుకుంది. మూడో చోట జారి కింద ఉన్న రాతిపలక మీద టక్కున పడింది. అక్కడ ఇనుము లేదు, రంగు కింద ఉన్నదంతా పుట్టీయే. ఆ చప్పుడు నేను విన్నాను, దాని అర్థమూ తెలుసు. అయినా బండి కొన్నాను. ఎందుకంటే వెనక ట్రైలర్ ఖాళీగా నిలబడి ఉంది, రెండు రోజుల ప్రయాణం ఒంట్లో ఉంది, ఖాళీ ట్రైలర్‌తో ఇంటికి వెళ్లడానికి మనసు ఒప్పలేదు. ఆ బండి అడుగు భాగం వెల్డింగ్ చేయడానికి నాకు రెండేళ్లు పట్టింది. అమ్మినాయన నన్ను మోసం చేయలేదు. చూసి తీసుకోమనే అన్నాడు. నన్ను కొనిపించింది దూరమే.

కాబట్టి ఇల్లు కదలకముందే, స్థిమితంగా కూర్చుని, ఏమేమి కనిపిస్తే కొనకుండా తిరిగి వస్తారో కాగితం మీద రాసుకోండి. అక్కడికి వెళ్లాక మనసు ఆ గీతల్ని జరపాలని చూస్తుంది. కాగితం మీద ఉన్నవి జరగవు.

మైనర్ విషయంలో ఆ కాగితం మీద ఏం ఉండాలో చెబుతాను. ఈ బండికి విడిగా పూర్తి ఛాసిస్ (అడుగు చట్రం) లేదు. అడుగు రేకు, సిల్స్, బాడీ అన్నీ కలిసి బరువు మోస్తాయి. అంటే తుప్పు ఇక్కడ అందానికి సంబంధించిన సంగతి కాదు, బండి నడుముకు సంబంధించిన సంగతి. ముందు సీట్ల కింద అడ్డంగా ఒక క్రాస్‌మెంబర్, అంటే రేకు దూలం, ఉంటుంది. ముందు చక్రాల బరువు మోసే టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) వెనక్కి వచ్చి బిగిసేది దానికే. జాకీ పెట్టే చోట్లు కూడా దాని రెండు కొసల్లోనే ఉంటాయి. ఆ కొసలే ముందుగా కుళ్లుతాయి. స్క్రూడ్రైవర్ మొనతో అక్కడ గట్టిగా పొడవండి. ఖంగుమంటే మంచిది, మెత్తగా దిగితే చెడ్డది. తర్వాత వెనక కమానులు తగిలించే చోట్లు, ఆ తర్వాత ఇంజిన్‌కు రెండు పక్కలా ముందుకు సాగే ఛాసిస్ కాళ్లు, ఆ తర్వాత సిల్స్, చివరగా అడుగు రేకు. ఈ వరుసలోనే చూడండి. వెలుతురు చాలకపోతే కింది వరుసలో ఉన్నవి వదిలేసినా పైవి వదలవద్దు. రెక్కలు (చక్రాల మీది రేకులు), బోనెట్ అసలు చూడకపోయినా పరవాలేదు. ఆ రెక్కలు బోల్టులతో బిగించినవే, మార్చుకోవడం తేలిక.

ఇంజిన్ తిరగడం లేదని దిగులు పడకండి. ఈ ఏ-సిరీస్ ఇంజిన్ ఆస్టిన్ ఎ35లోనూ, 1959లో వచ్చిన మినీలోనూ వాడినదే. దాని సామాను ఇప్పటికీ తయారవుతోంది. ఏళ్ల తరబడి నిలబడిన ఇంజిన్లలో చాలావాటికి పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు అంటుకుని ఉంటాయి, అంతే. ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల పలుచటి నూనె పోసి, కొన్ని రోజులు వదిలేసి, తర్వాత క్రాంకు హ్యాండిల్‌తో (ఇంజిన్‌ను చేత్తో తిప్పే పిడితో) మెల్లగా ప్రయత్నిస్తే చాలాసార్లు విడుస్తుంది. బలవంతం చేయవద్దు. విడవకపోయినా ఇంకో ఇంజిన్ దొరుకుతుంది. అంత సులువుగా ఇంకో అడుగు భాగం దొరకదు.

జవాబు 2: లోడుబండి

సుత్తి_ఉలి గారి అనుభవాన్ని గౌరవిస్తూనే, ఒక మాట వేరుగా చెప్పదలుచుకున్నాను. పాత బండ్లను ట్రైలర్ మీద చేరవేయడం నా పని. 1,100 కిలోమీటర్లు రెండుసార్లు వెళ్లి రావడమంటే మొత్తం 4,400 కిలోమీటర్లు. బాగుచేయడానికి పెట్టుకున్న సొమ్ములో కొంత రోడ్డు మీదే పోతుంది. అందువల్ల రెండో ప్రయాణం మీరే చేయాలని ఏమీ లేదు. మొదటిసారి రైలులోనో బస్సులోనో తేలికగా వెళ్లి చూడండి. కొంటే, చేరవేసేవారికి అప్పగించండి. తిరుగు దారిలో ఖాళీగా వచ్చే ట్రైలర్ దొరికితే కిరాయి బాగా తగ్గుతుంది. కాకపోతే వారికి తోచిన రోజు దాకా ఆగాలి. పద్దెనిమిదేళ్లు ఆగిన బండి ఇంకో మూడు వారాలు ఆగగలదు.

అప్పగించే ముందు బండిని అన్ని వైపులా ఫొటోలు తీసి, బీమా ఎవరి పేరున ఎంత దాకా వర్తిస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. ఎక్కించే పని గురించి తీరికగా మళ్లీ రాస్తాను.

జవాబు 3: నూనెమరక

నేను ప్రయాణం కన్నా ముందు జరగవలసిన పని గురించి చెబుతాను. ఇంటి నుంచి కదలకుండానే సగం తనిఖీ చేయవచ్చునని నా అనుభవం. నేను కొన్న రెండు బండ్లూ చాలా దూరానివే. రెండుసార్లూ అమ్మేవారిని వీడియో కాల్‌లో ఉంచి, ఫోనును బండి కింద నేల మీద పడుకోబెట్టి, పక్కన టార్చి వేసి, మెల్లగా జరపమని అడిగాను. ముందు సీట్ల కింది తివాచీ ఎత్తి చూపమనండి. డిక్కీలో స్పేర్ చక్రం తీసి ఆ అడుగు చూపమనండి. కొందరు విసుక్కుంటారు, కొందరు సంతోషంగా చేస్తారు. మీ పెద్దాయన ఒంగి చేయలేకపోతే, ఇంట్లో ఉన్న కుర్రవాళ్లనెవరినైనా సాయం అడగమని మర్యాదగా కోరవచ్చు. పన్నెండు ఫొటోల్లో కింది భాగం లేకపోవడానికి కారణం దాపరికమే అయి ఉండనక్కరలేదు. చాలామందికి బండి అంటే నిలబడి చూస్తే కనిపించేదే.

రెండోది పత్రాలు. బోనెట్ ఎత్తితే ఇంజిన్ వెనక అడ్డుగోడ మీద బండి నంబరు (ఛాసిస్ నంబరు) ఉన్న పలక ఉంటుంది. ఇంజిన్ నంబరు బ్లాకుకు బిగించిన చిన్న పలక మీద ఉంటుంది. రెండూ దగ్గరగా, అంకెలు చదవడానికి వీలుగా ఫొటో తీసి పంపమనండి. వాటిని రిజిస్ట్రేషన్ పత్రంలోని అంకెలతో ఒక్కొక్కటిగా పోల్చండి. ఇంజిన్ నంబరు వేరుగా ఉంటే కంగారు పడనక్కరలేదు. 1962 నుంచి వచ్చిన 1098 సీసీ ఇంజిన్‌ను పాత మైనర్లలో బిగించుకున్నవారు చాలామంది ఉన్నారు. కానీ ఆ మార్పు పత్రంలో నమోదై ఉండాలి. బండి నంబరే వేరుగా ఉంటే మాత్రం ప్రయాణం మానుకోండి. ఇంకొక సంగతి కూడా ఉంది. బండి ఆయన తండ్రిగారి పేరు మీదే ఇంకా ఉందా, ఈయన పేరుకు మారిందా? తోబుట్టువులుంటే వారి సమ్మతి ఉందా? తుప్పును వెల్డింగ్ చేయవచ్చు, ఈ చిక్కు పడితే మన చేతుల్లో ఉండదు.

ఆ నాలుగు పెట్టెల సంగతి. పెట్టెల్లో ఏమున్నదో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే విప్పినవారికే గుర్తుండదు. అక్కడికి వెళ్లాక ఒక దుప్పటి పరిచి అన్నీ దాని మీద పెట్టి ఫొటో తీయండి. ఇంజిన్ సామాను లేకపోతే కొనుక్కోవచ్చు. తలుపుల లోపలి పిడులు, కిటికీ అద్దం ఎత్తే యంత్రాలు, గ్రిల్లు చుట్టూ ఉండే పట్టీలు, దీపాల చుట్లు లాంటివి లేకపోతే ఒక్కొక్కటీ వెతుక్కోవడానికే నెలలు పడుతుంది. నాకు ఒక తలుపు పిడి దొరకడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

జవాబు 4: లోడుబండి

చెప్పినట్టుగా, కదలని బండిని ఎక్కించే సంగతి రాస్తున్నాను.

మొదట ఒక గట్టి హెచ్చరిక. బ్రేకులు విడిచి చక్రాలు తిరిగినా సరే, ఆ బండిని తాడు కట్టి దాని చక్రాల మీద రోడ్డున లాక్కురావద్దు. మైనర్ ముందు చక్రాన్ని పట్టుకుని ఉండేవి పైనా కిందా రెండు ట్రనియన్లు, అంటే మరలున్న లోహపు దిమ్మెలు. చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన స్వివెల్ పిన్ మరలు వాటి లోపల తిరుగుతూ ఉంటాయి. గ్రీజు అందక ఆ మరలు అరిగితే, కింది ట్రనియన్ నుంచి పిన్ ఊడి, చక్రం రెక్క కిందికి ముడుచుకుపోతుంది. ముందు మూల నేలకు ఒరుగుతుంది. స్టీరింగు బాగా తిప్పినప్పుడు, మెల్లగా వెళ్తున్నప్పుడు కూడా అలా జరగవచ్చు. పద్దెనిమిదేళ్లు గ్రీజు చూడని ట్రనియన్‌ను నేనైతే షెడ్డు గుమ్మం దాటేదాకా కూడా నమ్మను. కదిపే ముందే గ్రీజు గన్ పట్టుకెళ్లి నాలుగింటికీ పాత మురికి బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టండి.

బ్రేకు డ్రమ్ము పట్టేసినప్పుడు, అడ్జస్టర్‌ను వదులు చేసి, డ్రమ్ము అంచు మీద చుట్టూతా సుత్తితో మితంగా తట్టుకుంటూ వెళ్తే చాలావరకు విడుస్తుంది. వెనక చక్రాలకు హ్యాండ్ బ్రేకు తీగ కూడా వదులు చేయాలి. అప్పటికీ విడవని చక్రం కింద నాలుగు చిన్న చక్రాలున్న డాలీ పెట్టండి. షెడ్డు నేల మట్టిదైతే డాలీ దిగబడుతుంది కాబట్టి చెక్క పలకలు పరచాలి. టైర్లలో గాలి నిలవకపోవచ్చు. అదే కొలత చక్రాలు, అంటే 14 అంగుళాలవి, బోల్టుల వరుస సరిపోయేవి ఎవరి దగ్గరైనా ఎరువుకు దొరికితే పట్టుకెళ్లండి. అది అన్నిటికన్నా పెద్ద సాయం.

ట్రైలర్ మీదికి వించితో (తాడు చుట్టి లాగే యంత్రంతో), ముక్కు ముందుకు ఉండేలా లాగండి. మైనర్ బరువు 800 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఇంజిన్ ముందు ఉంది కనుక బరువు ఇరుసుకు కాస్త ముందుకు పడాలి. బరువు వెనక్కి పడితే వేగం పెరిగినప్పుడు ట్రైలర్ పాములా ఊగడం మొదలుపెడుతుంది, ఒకసారి మొదలైతే ఆపడం కష్టం. పెట్టెలను డిక్కీలో కాకుండా లాగే బండిలో పెట్టుకోండి. కట్టుడు పట్టీలు బాడీకి కాకుండా చక్రాల మీదుగా వేయండి. బాడీకి వేస్తే స్ప్రింగులు కిందికీ పైకీ ఆడిన కొద్దీ పట్టీ వదులవుతుంది. బయలుదేరిన 20 కిలోమీటర్లకు ఆగి నాలుగు పట్టీలూ బిగించండి, ఆ తర్వాత ఆగిన ప్రతిచోటా చేయి వేసి చూడండి. బోనెట్‌కు కీలు వెనక వైపు ఉంది. పాత లాచి గాలికి విడిస్తే బోనెట్ లేచి అద్దం మీద పడుతుంది. ముందు బంపరుకు తాడుతో కట్టండి. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే అక్కడే తీసేయండి.

పాతచక్రం

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. నెల రోజుల తర్వాత రాస్తున్నందుకు మన్నించండి. ఏం జరిగిందో వివరంగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నూనెమరక గారు చెప్పినట్టు ముందు నంబర్లు తెప్పించుకున్నాను. పత్రంతో రెండూ సరిపోయాయి, బండి ఆయన పేరుకు ఎప్పుడో మారింది. వీడియోలో ఆయన మనుమరాలు ఫోను పట్టుకుని బండి కిందికి దూరి, సిల్స్ రెండూ చూపించింది. తర్వాత రైలులో వెళ్లాను. నా దగ్గర ఒక సంచి, అందులో స్క్రూడ్రైవర్, అయస్కాంతం, గ్రీజు గన్, పాత పైజామా, మడిచిన కాగితం ఉన్నాయి. కాగితం మీద మూడే మాటలు రాసుకున్నాను: క్రాస్‌మెంబర్ రెండు కొసలూ పోతే వద్దు, వెనక కమాను తగిలించే చోటు రేకు చిరిగితే వద్దు, ముందు ఛాసిస్ కాళ్లు వంగి ఉంటే వద్దు.

ఉదయం పూటే చేరాను. క్రాస్‌మెంబర్ ఎడమ కొస మీద పొడిస్తే స్క్రూడ్రైవర్ ఖంగుమని వెనక్కి తిరిగింది. కుడి కొస మీద పొడిస్తే పిడి దాకా లోపలికి పోయింది; బయటికి తీసినప్పుడు దాని వెంట ఎర్రటి పొడి నా మోచేతి మీద రాలింది. అదే సమయంలో ట్రైలర్ కూడా ఉండి ఉంటే ఏం చేసేవాడినో నాకు తెలుసు. కమాను చోట్లు రెండూ గట్టిగా ఉన్నాయి. కాళ్లు తిన్నగా ఉన్నాయి. అయినా ఆ రోజు ఏమీ తేల్చకుండా, ఆయనతో విషయం దాచకుండా చెప్పి, బసకు వెళ్లిపోయాను. రాత్రి కాగితం మళ్లీ చదివాను. రెండు కొసలూ పోతే వద్దని రాసుకున్నాను, పోయింది ఒక్కటే. కొత్త రేకు దొరుకుతుంది, దాన్ని వెల్డింగ్ చేయగలను. మర్నాడు పొద్దున ఆ మరమ్మతుకు తగ్గట్టు ధర అడిగాను, ఆయన ఒప్పుకున్నారు. పత్రాల మీద సంతకాలు అయ్యాక, తండ్రిగారు వాడిన క్రాంకు హ్యాండిల్‌ను ఆయన ఇంట్లో నుంచి విడిగా తెచ్చి నా చేతికిచ్చారు. అది నాలుగు పెట్టెల్లో ఎక్కడా లేదు.

బండి తిరుగు ట్రైలర్ మీద పద్దెనిమిది రోజులకు వచ్చింది. ముందు కుడి డ్రమ్ము తప్ప మిగతా మూడూ విడిచాయి. ఇప్పుడు బండి స్టాండ్ల మీద ఉంది. ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. బ్రేకు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు నూనెను చక్రాలకు నెట్టేది) డ్రైవరు కాళ్ల కింద, ఛాసిస్ కాలు లోపల ఇరుక్కుని ఉంది. దాన్ని ముందు తీయాలా, కుడి కొస వెల్డింగ్ ముందు చేయాలా?

జవాబు 5: సుత్తి_ఉలి

చాలా సంతోషం. ముందు సిలిండర్ తీయండి. దాన్ని పట్టి ఉంచే పొడవాటి బోల్టులు టార్షన్ బార్ పక్కనే ఉంటాయి కాబట్టి పానా ఆడటానికి చోటు చాలదు. రెండు మూడు రోజుల ముందు నుంచే వాటికి నూనె పట్టించండి. సిలిండర్, బ్రేకు గొట్టాలు అక్కడే ఉండగా పక్కన వెల్డింగ్ చేస్తే రబ్బరు కాలుతుంది, మిగిలిన బ్రేకు నూనెకు నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. పెట్రోలు ట్యాంకు కూడా దించేయండి.

కుడి కొస కోసే ముందు, రెండు తలుపుల నడుమ ఖాళీలు కొలిచి గోడ మీద రాసుకోండి. తలుపులు మూసి ఉంచే వెల్డింగ్ చేయండి. ప్రతి నాలుగు కుట్లకు ఒకసారి తలుపు తెరిచి మూసి చూడండి. పట్టేస్తే అక్కడే ఆగి, జాకీ సర్దుకున్న తర్వాతే తర్వాతి కుట్టు వేయండి.